శాలీ కింబాల్ పార్ట్‌నరా, ఉత్త బాడీగార్డా?

బ్రాడీపేట అమ్మ:
ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్ అనే ఇంగ్లీషు పిల్లల డిటెక్టివ్ కథల పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్లో పాతవి దొరికితే మా అమ్మాయికి తెచ్చాను. బ్రౌన్ అనే పదేళ్ల పిల్లాడు, పోలీస్ చీఫ్ కొడుకు, రోజుకి 25 సెంట్లు ఫీజు తీసుకుని గ్యారేజీలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతుంటాడు. శాలీ అతని జూనియర్ పార్ట్‌నర్. క్లాసులో అందగత్తె, ఆటల్లో ఫస్టు, బగ్స్ మీనీ అనే రౌడీ పిల్లాణ్ణి కొట్టి పడెయ్యగలదు. కానీ కేసు తేల్చేది దాదాపు ప్రతిసారీ అబ్బాయే. ఇలాంటివి ఆడపిల్లల చేత చదివించాలా? నాకైతే వద్దనే అనిపిస్తోంది.

బెజవాడ పుస్తకాల పిచ్చి:
అన్యాయమండీ. ఆ సిరీస్ మొదలైంది 1963లో. అంతకుముందు ఫేమస్ ఫైవ్ అనే పిల్లల సాహస కథల్లో యాన్ అనే అమ్మాయి పని ఏంటి? వంట చూసుకోవడం, గిన్నెలు కడగడం. శాలీ రౌడీని మట్టి కరిపిస్తుంది. అది చాలదా?

బ్రాడీపేట అమ్మ:
చాలదు. చెయ్యి ఒకరిది, బుర్ర ఇంకొకరిది అంటే ఎలా?

సత్యనారాయణపురం మాస్టారు:
బుర్ర లేదని ఎవరన్నారమ్మా? శాలీ మొదటి పుస్తకంలో అడుగుపెట్టేదే బ్రౌన్‌కి పోటీగా, తనే ఒక చిక్కుప్రశ్న పట్టుకొచ్చి. మెర్కో అని సర్కస్‌లో ఊయల ఫీట్లు చేసే పెద్ద స్టార్, ఆస్తి పెద్ద మనవడికి రాసి చనిపోతారు. ఫ్రెడ్ అనే అతను ఆ మనవణ్ణి నేనే అని వస్తాడు. మెర్కో నీ తాత కాదు కదా అని ఇంకొకడు అడ్డం తిరుగుతాడు, అదీ నిజమే, అయినా డబ్బు ఫ్రెడ్‌దే. ఎందుకంటే మెర్కో ఆడమనిషి! మా వీధి పిల్లలకి ఇది చదివి ఆపితే అందరూ వీలునామా దొంగదన్నారు, ఫ్రెడ్‌ని పెంచుకున్నారన్నారు, ఆడపిల్లలతో సహా ఒక్కరికీ తట్టలేదు. మన బుర్రలో స్టార్ అంటే మగాడే అని పాతుకుపోయిన చోట సరిగ్గా దెబ్బ కొట్టింది శాలీ. బ్రౌన్ జవాబు చెప్పాడు, ఒప్పుకుంటాను, కానీ ఆ ప్రశ్న శాలీది.

తర్వాతి కథల్లో ఆ బుర్రని పెద్దగా వాడుకోకపోవడం రచయిత తప్పే. అయితే ఆ కథల అల్లిక కూడా చూడాలి. ప్రతి కథా జవాబు ముందు ఆగిపోతుంది, జవాబు పుస్తకం చివర్లో ఉంటుంది. పోటీ పాఠకుడికీ బ్రౌన్‌కీ మధ్య. పక్కనున్నవాళ్లు ముందే చెప్పేస్తే ఆట చెడిపోతుంది, అందుకే వాళ్లు ‘ఎలా కనిపెట్టావ్?’ అని అడగాల్సిందే, మగైనా ఆడైనా. షెర్లాక్ హోమ్స్ పక్కనుండే వాట్సన్‌ది మాత్రం వేరే గతా?

బ్రాడీపేట అమ్మ:
మెర్కో కథ బాగుంది మాస్టారూ, ఇవాళే చదివిస్తాను. కానీ అల్లికే అంత అయితే ముందు కుర్చీలో శాలీనే కూర్చోబెట్టొచ్చుగా? నాన్సీ డ్రూ అనే కథల్లోని డిటెక్టివ్ అమ్మాయి 1930లోనే సొంతంగా కేసులు తేల్చింది. మా అమ్మాయికి ముందు నాన్సీ, తర్వాతే బ్రౌన్.