సమస్యాపూరణం: ఒకటి కొకటి కలుప నొకటె యగును

ఎంవీపీ కాలనీ (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి. ఎప్పటిలాగే మన పేర్లకు బదులు ఉండే చోట్ల పేర్లే.

*ఒకటి కొకటి కలుప నొకటె యగును*

అంకెల లెక్కతో పూరించవద్దని మనవి. జంటగా పాట కట్టి, జంటగా పాడేవాళ్ళ మీదే పద్యం ఉండాలి. మొన్న ఆదివారం రాత్రి మా మేడ మీద నలుగురం కూర్చుని గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ పాటలు విన్నాం. సమస్య అక్కడే పుట్టింది. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో కలుసుకున్న జంట వాళ్ళు. అమెరికా పాత పల్లెపాటల బాణీ పట్టుకుని, అందులో కొత్త పాటలు కడతారు. వేదిక మీద చాలావరకు రెండు గిటార్లు, రెండు గొంతులు, అంతే. అతను వాయించేది 1935 నాటి చిన్న ఎపిఫోన్ గిటారు. 1996 నుంచి 2011 దాకా ఐదు ఆల్బంలు ఆమె ఒక్క పేరుతోనే వచ్చాయి. కొన్ని అతని పేరుతో వచ్చాయి. ఎటు చూసినా పాడేది ఇద్దరే. ఇద్దరి పేర్లూ కలిసి ఆల్బం అట్ట మీదికెక్కింది 2020లో! 2003 తర్వాత రాసుకున్న పాటలు తమకే నచ్చక, ఆమె పేరున మరో ఆల్బం రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఓపిక నాకు పాటకన్నా గొప్పగా తోచింది.

గాజువాక:
ఆమె గొంతు పాట, యతనిది తోడుగా
నడచు నీడ వోలె నడుమ నిలువ
చెవికి రెండు గావు, చిత్రమే వింటివా
ఒకటి కొకటి కలుప నొకటె యగును

సింహాచలం:
ఎత్తుగడ బాగుంది బాబూ. గణాలు (అక్షరాల కొలతలు), యతులు (పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరానికి కుదిరే పొత్తు) సరిపోయాయి. రెండో పాదం దగ్గర అర్థం తడబడింది. నడిచే నీడ నడుమ నిలబడడం ఏమిటి? నీడ మనిషితో పాటే కదలాలి. "నడచు నీడ వోలె నడకఁ గలుప" అంటే యతి చెడదు, అర్థమూ కుదురుతుంది.

ఇంకొక మాట. "తోడుగా" తీసి "వంతగా" అనండి, గణం అదే. వంతపాడడం అన్న మాట ఈ రోజుల్లో తిట్టయిపోయింది గానీ, బుర్రకథలో వంతలు (కథకుడి పక్కన నిలబడి పాట అందుకునేవాళ్ళు) లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు. వాళ్ళు పట్టిన చోటే కథ నిలుస్తుంది. చిన్నప్పుడు సింహాచలం కొండ కింద తెల్లవారుజాము దాకా కథలు విన్నవాణ్ణి. కథకుడి ముఖం ఎప్పుడో మరిచిపోయాను. వంతలు వాయించే గుమ్మెటల మోత మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

గాజువాక:
మాస్టారూ, రెండూ తీసుకున్నాను. "యతనిది వంతగా నడచు నీడ వోలె" అని చదువుకుంటే నా పద్యమే నాకు కొత్తగా ఉంది.

మద్దిలపాలెం (విద్యార్థి):
ఇది నా రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి.

అలలు రెండు వచ్చి యంచున నొకటిగ
విరిగినట్లు పాట మురిసె నిచట
బీచిరోడ్డు మీద వింటిని రాతిరి
ఒకటి కొకటి కలుప నొకటె యగును

సింహాచలం:
రెండో పాదంలో యతి లేదు నాయనా. "వి"కి "ము" చెల్లదు.

భీమిలి:
మాస్టారూ, అక్కడ ప్రాసయతి వేశాడు, అంటే మొదటి అక్షరాలకు బదులు వాటి పక్క అక్షరాలు కలిపాడు. విరిగి, మురిసె: రెండుచోట్లా లఘువు మీద "రి". ఆటవెలదికి అది చెల్లుతుంది కదా.

నా అభ్యంతరం వేరు తమ్ముడూ. అలలు బాగున్నాయి. మన ఒడ్డున నిలబడి చూసినవాళ్ళకే ఆ పోలిక వస్తుంది. రెండు వరసలు ఎదురెదురుగా కాదు, ఒకదాని వీపు మీద ఒకటి వచ్చి విరుగుతాయి. కానీ పద్యంలో పాడేవాళ్ళేరీ? పాట ఉంది, గొంతులు లేవు. "ఇచట" గణం కోసం వచ్చిన మాట. ఆ చోటు గొంతులకివ్వు.

మద్దిలపాలెం:
"విరిగినట్లు గొంతు లొరిసికొనియె" అంటే సరిపోతుందా అక్కా? ప్రాసయతి అలాగే ఉంచాను.

సింహాచలం:
సరిపోవడమేమిటి, పద్యానికి ప్రాణం వచ్చింది! యతి విషయంలో తొందరపడ్డాను, మన్నించు. "ఒరిసికొనియె" అన్న క్రియ ఎక్కడ దొరికిందయ్యా నీకు? రెండు గొంతులు కలిసేటప్పుడు కొంచెం రాపిడి ఉంటుంది. నున్నగా కలిసిపోతే వినడానికేమీ మిగలదు.

భీమిలి:
ఒకరు పాటఁ గట్ట నొకరు మాటఁ దుడువ
తుదకుఁ జరణ మెవరిదో తెలియదు
జంట కవులు మున్ను చాటిన సత్యమ్ము
ఒకటి కొకటి కలుప నొకటె యగును

జంటగా పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులను తలుచుకుని రాశాను. 1920లో తిరుపతి శాస్త్రిగారు పోయాక కూడా వేంకట శాస్త్రిగారు జంట పేరుతోనే ప్రచురిస్తూ వచ్చారు. నిర్వాహకులు చెప్పిన జంటది ఇద్దరికి ఒకే పేరు. ఇక్కడ మిగిలిన ఒక్కరికి ఇద్దరి పేరు. సమస్యకు ఇది రెండో ముఖం అనిపించింది.

ఎంవీపీ కాలనీ:
అమ్మా, మొదటి పాదం నేను రాసుంటే బాగుండేదనిపించింది. రాయడంకన్నా తుడవడాన్ని పట్టుకున్నారు. ఇద్దరు కూర్చుని పాట కట్టేటప్పుడు కష్టమైన పని అదే. తనకు ఇష్టమైన మాటను ఎదుటివాళ్ళు కొట్టేస్తుంటే ఊరుకోవాలి. నేనూ ఒక మిత్రుడూ మూడేళ్ళు కలిసి పాటలు రాశాం. నేను ఊరుకోలేకపోయాను, ఆ జంట అక్కడే విడిపోయింది.

మూడో పాదం చివర ఉకారం ఉంది. "సత్యమ్ము" మీద "ఒకటి" పడితే సంధి నిత్యం (తప్పక కలవాలి), గణం చెడుతుంది. "చాటిన సత్యమే" అని వాక్యం అక్కడ ముగించండి.

భీమిలి:
"సత్యమే" అని దిద్దుకున్నాను. మీ పూరణ ఏదీ?

ఎంవీపీ కాలనీ:
అట్టమీదఁ జూడ నామె పేరొక్కటే
పాటలోన నతడు ప్రాణ మయ్యె
పేరు వేఱు లేక పెనగొన్న గొంతుల
ఒకటి కొకటి కలుప నొకటె యగును

సింహాచలం:
"పెనగొన్న" (పెనవేసుకున్న) దగ్గర ఆగిపోయాను. కుర్రవాడి "ఒరిసికొనియె", మీ "పెనగొన్న" పక్కపక్కన పెట్టి చదివాను. నాకు కుర్రవాడిదే నచ్చింది.

ఎంవీపీ కాలనీ:
నాకూ అంతే మాస్టారూ. ఈ వారం మొదటి పూరణగా అతని పద్యాన్నే పైన పెడుతున్నాను.