తొడలు పొడవైతే వెయిట్ లిఫ్టింగ్ మానిపించాలా?

ప్రశ్న: నెల్లిమర్ల తండ్రి

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఏడాదిగా సాయంత్రాలు వెయిట్ లిఫ్టింగ్‌కు వెళుతోంది. పక్కనే కొండవెలగాడ కాబట్టి ఇక్కడ ఆడపిల్ల బరువులెత్తే ఇనుపకడ్డీ (బార్) పట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చాక మరీను.

సమస్య స్క్వాట్‌తో, అంటే బార్ భుజాన పెట్టుకుని గొంతుకూర్చుని లేవడంతో. కిందికి కూర్చునేసరికి మడమలు లేచిపోతున్నాయి, మొండెం ముందుకు వాలిపోతోంది. పదిహేను కిలోల ఖాళీ బార్‌తోనే ఇలా ఉంది. కొత్తగా వచ్చిన శిక్షకుడు మొన్న చూసి, "తొడలు మరీ పొడవు, ఈ ఆట అచ్చిరాదు, పరుగుల్లో వేయండి" అనేశారు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 49 కిలోలు. ఎముకల కొలతను బట్టి ఆట తేలిపోతుందా?

జవాబు: విశాఖ పరుగులవాడు

హర్డిల్స్‌లో వేయండి సార్. ఆ పరుగులో పేరు తెచ్చుకున్న జ్యోతి యర్రాజి మా ఊరి అమ్మాయే. నూరు మీటర్ల హర్డిల్స్‌లో ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 8.5 మీటర్లు, దూకి దిగాక మూడే అంగల్లో తర్వాతి దాని ముందుకు చేరాలి. పొడవు కాళ్లు అక్కడ వరం. మీ శిక్షకుడు చెప్పింది నిజమే.

జవాబు: రిటైరైన డ్రిల్లు మాస్టారు

సగం నిజం. మిగతా సగం చెప్పకుండా పిల్లను పస్తు పడుకోబెట్టారు, అదే నా కోపం.

నేనూ కొంగకాళ్లు, పొడవు చేతుల వాణ్ణే. కాలేజీ రోజుల్లో మా తాలింఖానాలో నన్ను ఆజానుబాహుడని వెక్కిరించేవారు. రాముడికి పొగడ్త అయినది బెంచి మీద నాకు శాపమైంది. బార్‌ను ఛాతీ మీంచి నెట్టడానికి పొట్టిచేతుల వాడికి జానెడు దూరమైతే నాకు మూరెడు. అదే డెడ్‌లిఫ్ట్‌కు, అంటే నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా నిలబడే పోటీకి వస్తే, నేను పెద్దగా వంగకుండానే బార్ చేతికి అందేది. అక్కడ నా ముందు ఎవరూ నిలిచేవారు కారు. మనిషి ఒకడే, గది ఒకటే, నాలుగడుగుల తేడాలో రెండు జాతకాలు.

ఇప్పుడు స్క్వాట్ సంగతి. బరువు ఎప్పుడూ అరికాలి మధ్యభాగానికి సూటిగా పైన ఉండాలి, లేదంటే పడిపోతాం. తొడ పొడవైతే కూర్చునేటప్పుడు తుంటి బాగా వెనక్కి పోతుంది. దాన్ని సరిచేయడానికి మొండెం ముందుకు వాలుతుంది, భారమంతా నడుము మీద పడుతుంది. ఇది బద్ధకమూ కాదు, భయమూ కాదు, తూకం. పైగా ఈ ఆటలో బరువు విభాగాలున్నాయి. ఒకే బరువున్న ఇద్దరిలో పొట్టివాళ్లకు ఎత్తాల్సిన దూరం తక్కువ, కండ దట్టం. టర్కీ వీరుడు నయీమ్ సులేమనోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు!

అలాగని ఎత్తు ఒక్కటే చూడకండి, వాటా చూడాలి. ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ 193 సెంటీమీటర్ల మనిషి, మొరాకో పరుగువీరుడు హిషామ్ ఎల్ గెరూజ్ 175. అయినా ఇద్దరి కాళ్ల పొడవూ దాదాపు ఒకటే. ఫెల్ప్స్ ఎత్తంతా మొండెంలో ఉంది, అది నీళ్లలో పడవలా పనికొచ్చింది.

మీ అమ్మాయిని స్టూలు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టి, తలమీద అట్టపెట్టి సుద్దతో గీత గీయండి. అందులోంచి స్టూలు ఎత్తు తీసేయండి. తర్వాత బార కొలవండి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు. ఒకటి గుర్తుంచుకోండి: ఈ వయసులో కాళ్లు ముందు సాగుతాయి, మొండెం వెనకాల అందుకుంటుంది. ఈ ఏటి గీత రెండేళ్లకు అలాగే ఉండదు.

జవాబు: ఒకప్పటి లిఫ్టర్‌ని

మాస్టారూ, తొడల మీద నేరం మోపే ముందు చీలమండలు చూడొద్దా? నన్నూ ఇదే మాట అని పంపేయబోయారు. తీరా చూస్తే పిక్కలు బిగుసుకుపోయి మోకాలు ముందుకు రావడం లేదు, అంతే. గోడకు ఎదురుగా నిలబెట్టి, బొటనవేలు గోడకు పది సెంటీమీటర్ల దూరంలో పెట్టించండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. తగలకపోతే తప్పు ఎముకది కాదు. లిఫ్టింగ్ బూట్లకు మడమ దగ్గర ఎత్తు ఉండేది ఇందుకే. పాదాలు కాస్త ఎడంగా, వేళ్లు బయటికి పెట్టినా తేడా తెలుస్తుంది.

జవాబు: నెల్లిమర్ల తండ్రి

నిన్న రాత్రి ఇంట్లో ఇదే పని. కూర్చున్న ఎత్తు 80, అంటే కాళ్లు 84. బార 169. గోడ పరీక్షలో ఎడమ మోకాలు సులువుగా తగిలింది, కుడిది ఎంత నెట్టినా మూడు వేళ్ల దూరంలో ఆగిపోయింది. అప్పుడు చెప్పింది, నిరుడు ఖోఖోలో ఆ కాలు మెలిక పడిందట. మాకు చెబితే ఆట మానిపిస్తామని దాచింది. మడమల కింద రెండు పాత నోటుపుస్తకాలు పెడితే చీపురుకర్ర భుజాన వేసుకుని నిటారుగా కూర్చుంది. ఎన్నిసార్లు చేసి చూపించిందో లెక్కలేదు.

జవాబు: రిటైరైన డ్రిల్లు మాస్టారు

అమ్మా లిఫ్టర్ గారూ, మీదే పైచేయి, ఒప్పుకున్నాను.

అయ్యా, 84 అంటే కాళ్లు పొడవే. పుస్తకాలు పెట్టినా అవి తరగవు. స్క్వాట్ ఆ అమ్మాయికి ఎప్పుడూ కొంచెం కష్టంగానే ఉంటుంది, ఆ మాట దాచకుండా చెప్పండి. విశాఖ తమ్ముడి కోసం ఒక మాట: మహిళల నూరు మీటర్ల హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, సరిగ్గా మీ అమ్మాయి కాలంత. కావాలంటే ఆదివారాలు అదీ ఆడించి చూడండి, కానీ బార్ మానిపించకుండా.

అన్నిటికన్నా ముందు ఆ కుడికాలు ఎముకల డాక్టరుకు చూపించండి. అసలు బార్ ఎత్తేటప్పుడు మాత్రం నోటుపుస్తకాలు వద్దు, జారతాయి. వడ్రంగి చేత అంగుళం మందం చెక్క పలక కోయించండి.