కేజీహెచ్‌లో గైనిక్ సీటు వచ్చాక సైకియాట్రీ మీదకు మనసు మళ్లింది: అప్‌గ్రేడ్ పెట్టాలా?

ఎంవీపీ అమ్మాయి:
పీజీ కౌన్సెలింగ్ ఆల్ ఇండియా కోటా రెండో రౌండ్‌లో విశాఖ కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఎంఎస్ గైనిక్ వచ్చింది. సొంత ఊరు, కోరుకున్న బ్రాంచి. ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఇంటర్న్‌షిప్ వేరే చోట చేశాను. అక్కడ కాన్పయిన మూడో రోజు ఒకామె గోడవైపు తిరిగి పడుకుని, బిడ్డకు పాలివ్వనంది. అత్తగారు తిట్టింది, ఆయమ్మ తిట్టింది. సైకియాట్రీ పీజీ ఒకాయన వచ్చి, మంచం పక్కన స్టూలు వేసుకుని చాలాసేపు ఏమీ అడగకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమే మాట్లాడింది. ఆ వార్డులో నేను పట్టుకున్న కాన్పులన్నీ మరిచిపోయాను, ఆ స్టూలు మాత్రం మరిచిపోలేదు.

మూడో రౌండ్‌కి అప్‌గ్రేడ్ పెట్టి, అంటే వేరే సీటు మార్పు కోరి, సైకియాట్రీకి వెళ్లిపోనా? లేక ఇది చేరేముందు అందరికీ ఉండే టెన్షనేనా?

గాజువాక ఫిజీషియన్:
టెన్షనేనమ్మా, చేరిపో. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో గైనిక్ 7 వారాలు, సైకియాట్రీ 2 వారాలు. ఏడు వారాలు చూసినదాన్ని కాదని రెండు వారాలు చూసినదాని వెనక పడతానంటున్నావు. దేన్నయినా రెండు వారాలు చూస్తే అందులోని మంచే కనిపిస్తుంది. పైగా కేజీహెచ్‌లో పీజీ అంటే శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా వచ్చే కేసులన్నీ నీ చేతి మీదుగా వెళ్తాయి. ఆ అనుభవం డబ్బు పెట్టినా దొరకదు.

సైకియాట్రీ థర్డ్ ఇయర్:
నేను చేస్తున్నది ఆ బ్రాంచే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. స్టూలు మీద తీరిగ్గా కూర్చునే అవకాశం రోజూ రాదు చెల్లీ. రాత్రి క్యాజువాలిటీకి వెళ్తే, తాగుడు మానేసి రెండు రోజులై, చేతులు వణుకుతూ, గోడ మీద లేని పురుగుల్ని ఏరుతున్న మనిషి ఉంటాడు. లోరాజెపామ్, థయామిన్ పెట్టి, తెల్లారేదాకా కనిపెట్టుకుని ఉండాలి. పురుగుమందు తాగి బతికినవాళ్లు మెడిసిన్ వార్డు నుంచి రిఫరలై వస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక రోగి ఒప్పుకోకుండా అడ్మిట్ చేయాలంటే సెక్షన్ 89, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున నిలబడే మనిషి) సంతకం, 30 రోజుల గడువు, దాని ఫైళ్లు. వికలాంగ ధ్రువపత్రాల కోసం వచ్చేవాళ్ల క్యూ వేరే. బాగుపడినవాళ్లే మందులు ఆపేసి ఆరు నెలలకు మళ్లీ వస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇదంతా తెలిసి కూడా కావాలనుకుంటే రా. ఆ ఒక్క తల్లిని చూసి మాత్రం రాకు.

ఒక పీజీ తండ్రి:
తప్పుగా అనుకోకండి. ఆడపిల్లకి గైనిక్ అంటే ఊళ్లో గౌరవం, సొంత ప్రాక్టీసు. పిచ్చి డాక్టరంటే రేపు సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆలోచించాలి.

సైకియాట్రీ థర్డ్ ఇయర్:
అంకుల్, చినవాల్తేరు మానసిక వైద్యశాల ఓపీకి ఒక్క రోజు ఉదయం వచ్చి చూడండి. ఆ లైన్లో నిలబడేది మన పక్కింటివాళ్లే. మీలాంటి పెద్దవాళ్లు ఆ మాట అంటారనే, ముందే రావాల్సినవాళ్లు రెండేళ్లు ఆలస్యంగా వస్తున్నారు.

ఏజెన్సీ గైనకాలజిస్ట్:
నేను ఇరవై ఏళ్లకు పైగా గైనిక్ చేస్తున్నాను. అందరూ నేను నిన్ను చేరమని చెబుతాననుకుంటారేమో.

ఏడు వారాలున్నా గైనిక్‌ని ఇంటర్న్‌లు సరిగ్గా చూడరు. బీపీలు రాయడం, శాంపిళ్లు ల్యాబ్‌కి మోయడం, కాథెటర్లు వేయడం. అసలు పని ఎక్కడుందో చెబుతాను. రక్తం బాగా తక్కువై హిమోగ్లోబిన్ 6 ఉన్న అమ్మాయిని కొండ మీద నుంచి దింపి తెస్తారు. కాన్పు బాగానే అవుతుంది. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడదు, చేతికి మెత్తగా తగులుతుంది. మామూలు మనిషికి 500 మి.లీ. రక్తం పోతే అది పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం). ఈ అమ్మాయి అంతకంటే తక్కువకే జారిపోతుంది. ఒక చేత్తో గర్భసంచిని మర్దన చేస్తూనే ఆక్సిటోసిన్, రక్తం, బెలూన్, థియేటరు అన్నీ నువ్వే చెప్పాలి. అంతలో నీ అరచేతి కింద గర్భసంచి గట్టిపడుతుంది. ఆ క్షణం కోసమే నేను ఈ బ్రాంచిలో ఉన్నాను. ఈ వయసులో కూడా రాత్రి రెండింటికి ఫోను మోగితే లేస్తున్నానంటే దానికోసమే.

నీ పోస్టు మళ్లీ చదువుకో తల్లీ. ఆపరేషన్ గురించి, చేతిపని గురించి ఒక్క మాట లేదు. కాన్పులన్నీ మరిచిపోయానని నువ్వే రాశావు. పనంటే ఇష్టం ఉన్నవాళ్లు మరిచిపోరు. కష్టానికి భయపడేవాళ్లను నేను చేరమనే చెబుతాను, భయం ఆరు నెలల్లో పోతుంది. ఇష్టం లేకపోవడం అలా పోదు, అది థియేటర్లో రోగి మీద పడుతుంది. నా మాట అడిగితే అప్‌గ్రేడ్ పెట్టు.

గాజువాక ఫిజీషియన్:
మేడమ్, ఆ గోడవైపు తిరిగి పడుకున్న తల్లిలాంటివాళ్లను మొదట చూసేది గైనకాలజిస్టే కదా. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ని పసిగట్టే ఎడిన్‌బరో స్కేలులో ఉన్నవి 10 ప్రశ్నలు. గైనిక్‌లో ఉండి అవి అడిగే డాక్టరుగా ఉండకూడదా ఈ అమ్మాయి?

ఏజెన్సీ గైనకాలజిస్ట్:
ఉండొచ్చు సార్, ఉండాలి కూడా. కానీ పది ప్రశ్నలు అడగడం కోసం మూడేళ్లు కత్తి పట్టుకోమనడం న్యాయం కాదు.

కౌన్సెలింగ్ అన్నయ్య:
బ్రాంచి సంగతి మీరు తేల్చుకోండి, రూల్ మాత్రం మరవకండి. అప్‌గ్రేడ్‌లో కొత్త సీటు వచ్చిందంటే పాతది తనంతట తానే రద్దవుతుంది. తర్వాత కేజీహెచ్ కావాలన్నా రాదు. అందుకని నిజంగా చేరతానన్న సైకియాట్రీ సీట్లే లిస్టులో పెట్టు, "చూద్దాంలే" అని ఒక్కటి కూడా పెట్టకు. చేరాక మధ్యలో మానేస్తే సీట్ లీవింగ్ బాండ్ ఉంటుంది, అంటే జరిమానా కట్టాలి. దాన్ని తీసేయమని 2024 జనవరిలో ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) రాష్ట్రాలకు రాసింది గానీ, నువ్వు సంతకం పెట్టే కాగితంలో ఏముందో అదే లెక్క. చదివి పెట్టు.

ఎంవీపీ అమ్మాయి:
మేడమ్, మీరు అడిగాక ఆలోచించాను. సిజేరియన్లకి అసిస్ట్ చేసేటప్పుడు గడియారం చూసేదాన్ని. లిస్టులో గుంటూరు, కాకినాడ పెడుతున్నాను. సైకియాట్రీ అన్నా, రేపు మీ ఓపీలో ఒక పూట కూర్చోనిస్తారా?

సైకియాట్రీ థర్డ్ ఇయర్:
మా మేడమ్‌ని అడిగి చెబుతాను. వస్తే ఒక పూట చాలదు, నైట్ డ్యూటీకి కూడా ఉండు.

గాజువాక ఫిజీషియన్:
గడియారం ఇంటర్న్‌లందరూ చూస్తారు తల్లీ. నా మాట ఇప్పటికీ అదే, కేజీహెచ్ వదలకు.