తేమ శాతం ఏ టేబుల్‌లో ఉందో వెతకడం ఎలా?

ప్రశ్న (భీమవరం నుంచి)
మా రైసు మిల్లు కాటా లెక్కలన్నీ పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉన్నాయి. దానిని తయారు చేసినవారు కాగితం మీద ఒక్క వివరమూ మిగల్చలేదు. దాళ్వా ధాన్యం వచ్చేలోగా, తేమ 17 శాతం దాటిన లోడులను వేరుగా చూపే నివేదిక సిద్ధం చేయాలి. 140 టేబుళ్లలో 40 దాకా ఒక్కొక్కటిగా డిస్క్రైబ్ (టేబుల్‌లోని కాలమ్‌లను చూపే ఆదేశం) చేసి చూశాను. అన్నిటినీ ఒకేసారి వెతికే మార్గం ఉందా?

సమాధానం (అమలాపురం నుంచి)
ఉందండీ. డేటాబేసు తన నిర్మాణ వివరాలను కూడా టేబుళ్ల రూపంలోనే చూపాలన్నది రిలేషనల్ డేటాబేసు పద్ధతిని ప్రతిపాదించిన కాడ్ 1985లో ప్రకటించిన నియమాలలో ఒకటి. మైఎస్‌క్యూఎల్‌లో 5.0 వెర్షన్ నుంచి అలాంటి వివరాల పట్టికలుండే ఇన్ఫర్మేషన్ స్కీమా ఉంది. అందులోని కాలమ్స్ అనే పట్టిక నుంచి టేబుల్ పేరు, కాలమ్ పేరు, డేటా రకం, కామెంట్ సెలెక్ట్ చేసి, టేబుల్ స్కీమా మీ డేటాబేసు పేరే కావాలని షరతు పెట్టండి. లేకపోతే సర్వరులోని ఇతర డేటాబేసుల కాలమ్‌లు కూడా వచ్చిపడతాయి. పేరును లైక్‌తో (పేరులో కొంత భాగం సరిపోయినా చూపే షరతు) వెతికేటప్పుడు మాయిశ్చర్ ఒక్కటే చాలదు. మనవాళ్లు తేమ అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉండవచ్చు. కామెంట్‌లో కూడా వెతకండి.

ప్రశ్న అడిగినవారు
ఒక్క వరుసా రాలేదు. 140 టేబుళ్లు ఉన్నాయని యజమాని లాగిన్‌తో లెక్కపెట్టాను, కానీ నా లాగిన్‌కు 96 మాత్రమే కనిపిస్తున్నాయి.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)
కారణం అక్కడే ఉంది. మీకు ఏదో ఒక అనుమతి ఉన్న టేబుళ్లు, కాలమ్‌లు మాత్రమే ఇన్ఫర్మేషన్ స్కీమాలో మీకు కనిపిస్తాయి. మిగిలినవాటి గురించి ఎర్రర్ కూడా రాదు, అవి అసలు లేనట్టే ఉంటుంది. షో గ్రాంట్స్ అనే ఆదేశంతో మీ అనుమతులు చూసుకుని, ఆ డేటాబేసుపై సెలెక్ట్ అనుమతి మాత్రం అడగండి. అన్నట్టు, ఇన్ఫర్మేషన్ స్కీమాలోనే ఉన్న టేబుల్స్ పట్టికలోని వరుసల సంఖ్యను నమ్మి లోడులు లెక్కపెట్టకండి, ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డేటాను నిల్వచేసే ఇంజిన్లలో ఒకటి) టేబుళ్లకు అది అంచనా మాత్రమే.

ప్రశ్న అడిగినవారు
అనుమతి వచ్చింది, తేమ కాలమ్ కూడా దొరికింది. పేరు ఎం_పీసీటీ, కామెంట్‌లో తేమ అని లేకపోతే పట్టుకోలేకపోయేవాడిని. ఇక దానిని లోడు టేబుల్‌తో కలపాలి, కానీ ఇన్ఫర్మేషన్ స్కీమాలోని కీ కాలమ్ యూసేజ్ పట్టికలో ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను మరో టేబుల్‌తో ముడిపెట్టే కాలమ్) ఒక్కటీ లేదు.

సమాధానం (అమలాపురం నుంచి)
టేబుల్స్ పట్టికలో ఇంజిన్ చూడండి. మైఐసామ్ (మరో నిల్వ ఇంజిన్) అని ఉంటే, ఫారిన్ కీ రాసినా అది నిలవదు. అప్పుడు రెండు టేబుళ్లలోనూ ఒకే పేరుతో, ఒకే డేటా రకంతో ఉన్న కాలమ్‌లను అదే క్వెరీతో ఏరి, నాలుగు పాత కాటా చీటీలతో సరిచూసుకోండి.