‘డే-ఫైన్’కి తెలుగులో ఏమందాం?

ఒక వ్యాసం తెనిగిస్తూ ఇక్కడ ఇరుక్కుపోయాను, కాస్త సాయం పట్టండి. ఫిన్లాండులో బండి మరీ వేగంగా తోలితే అందరికీ ఒకటే రేటు ఉండదు. తప్పు ఎంత పెద్దదో చూసి ఇన్ని ‘రోజులు’ అని వేస్తారు, ఆ ఒక్కో రోజుకి ఎంత కట్టాలన్నది మాత్రం మనిషి ఆదాయాన్ని బట్టి. 1921 నుంచీ ఇదే పద్ధతి, దీన్నే ఇంగ్లీషులో ‘డే-ఫైన్’ అంటారు. 2002లో నోకియా పెద్దల్లో ఒకరైన అన్సీ వాన్యోకికి, 50 దాటకూడని చోట 75లో హార్లీ డేవిడ్సన్ నడిపినందుకు 1,16,000 యూరోలు పడింది (తర్వాత ఆదాయం పడిపోయిందని అప్పీలుకెళ్లి అయిదు వేల చిల్లరకి తగ్గించుకున్నాడు, అది వేరే కథ). నేను ‘దినసరి అపరాధ రుసుము’ అని రాశాను. చదివితే రోజూ కట్టాల్సిన ఫీజులా ఉంది.

▪ ముందు ఆ ‘దినసరి’ తీసేయండి. నా అసలు పేచీ రుసుముతో అండీ. రుసుమంటే పని జరిపించుకున్నందుకు కట్టేది: రిజిస్ట్రేషన్ రుసుము, పరీక్ష రుసుము. పన్ను నోటీసుల్లో ‘అపరాధ రుసుము’ చూసి చూసి మనకి అలవాటైపోయింది గానీ, విడదీసి చదవండి, అపరాధం చేసుకోడానికి కట్టే ఫీజని వస్తుంది. డబ్బున్నవాడికి చలానా నిజంగానే అంతే కదా! 2019లో మన మోటారు వాహనాల చట్టం సవరించి హెల్మెట్ లేకపోతే 1000 అన్నారు. బైకు మీద డెలివరీలు చేసే కుర్రాడికి అది ఒక రోజు కష్టం, కోటి రూపాయల కారాయనకి అలాంటి చలాన్లు పది పడినా తెలీను కూడా తెలీదు, ఆఫీసులో ఎవరో ఫోన్లో కట్టేస్తారు. అది ఫీజుగా మిగలకూడదనే కదా ఫిన్లాండు వాళ్లు ఇంత లెక్క పెట్టుకుంది, మళ్లీ దానికే రుసుమని పేరు పెడతామా?

▪ ‘దండుగ’ ఉందిగా. పాత అర్థం జరిమానాయే. ఇప్పుడు ‘డబ్బు దండగ’లోనే మిగిలింది పాపం.

▪ అన్నా, దండుగ వద్దు, హెడ్డింగులో పెడితే ఈ చట్టమే వేస్టు అంటున్నారనుకుంటారు. మా పల్లెల్లో ‘తప్పు’ అనేవాళ్లు. పంచాయితీలో పెద్దమనుషులు తప్పు వేస్తారు, వాడు తప్పు కడతాడు. స్తోమత చూసి వేసిన సందర్భాలూ ఉన్నాయి, కక్ష చూసి వేసినవీ ఉన్నాయి.

▪ మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో మామూలు మనిషికి ఒక కార్షాపణం (ఆనాటి నాణెం) వేసే చోట రాజుకి వెయ్యి వేయాలని ఉంది. ఇది మనకి కొత్తేం కాదు.

▪ అదే అధ్యాయంలో తిట్టినందుకు శిక్ష, తిట్టినవాడి వర్ణం కింద ఉన్నకొద్దీ పెరుగుతుంది, అదీ చెప్పండి మరి. అయినా అక్కడ చూసేది హోదాని. ఇక్కడ చూసేది జీతాన్ని. రెండూ ఒకటి కాదు.

▪ మన దగ్గర జీతం ఎక్కడ కనపడుతుందండీ? ఫిన్లాండులో పన్నుల లెక్కలు పోలీసులకి అందుబాటులో ఉంటాయి. ఇక్కడ ఎకరాలకెకరాలు ఉన్నాయన పంట ఆదాయం మీద ఆదాయప్పన్నే ఉండదు, కాబట్టి కాగితం మీద ఆయన బీదవాడు, నెల జీతం తీసుకునే గుమాస్తా ధనవంతుడు! అందుకే నాకు బండిని బట్టి వేయడమే నయమనిపిస్తుంది. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, అది ఆ దారే. మాట సంగతికొస్తే ‘రోజుకూలి జరిమానా’ ఎలా ఉంది?

▪ వినడానికి బాగుంది, లెక్కకి కుదరదు. ఫిన్లాండు వాళ్ల సూత్రం ప్రకారం పన్నులు పోను నెలకి చేతికొచ్చే దాంట్లో 255 యూరోలు తీసేసి, మిగిలింది 60తో భాగించాలి. 30తో కాదు. అంటే సుమారు అరరోజు సంపాదనే. వాళ్ల మాటకి అర్థం కూడా ఉత్త ‘రోజు జరిమానా’. ‘రోజుల జరిమానా’ అనేయండి, లెక్క వ్యాసంలో చెప్పుకోవచ్చు.

▪ వాక్యంలో పెట్టి చూశాను: ‘ఆయనకి పద్నాలుగు రోజుల జరిమానా పడింది.’ నాలుక తిరుగుతోంది. కాకపోతే పద్నాలుగు రోజులు జైలనుకునే ప్రమాదం ఉంది, కాబట్టి మొదటిసారి వచ్చినచోట ‘ఆదాయాన్ని బట్టి వేసే’ అని ముందు తగిలిస్తాను. రుసుము కొట్టేశాను.