పక్కన గని వస్తోంది, సభలో ఏం అడగాలి?

ప్రశ్న (కుప్పం వైపు రైతు):
మా పల్లె పక్కన గని అని పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. నాది ఎకరంన్నర మల్బరీ. దుమ్ము పడిన ఆకు వేస్తే పట్టుపురుగు దెబ్బతింటుంది, అదే టెన్షన్. ఉద్యోగాలొస్తాయని మా కుర్రోళ్లు మాత్రం సంబరంగా ఉన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఏం అడగాలి?

జవాబు (చిత్తూరు, లాయర్):
అన్నా, ముందు నోటీసు తేదీ చూడు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల గడువు ఉండాలి. గని వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి తయారుచేసిన నివేదిక సారాంశం తెలుగులోనూ దొరకాలి, అడిగి తీసుకుని రచ్చబండ దగ్గర పైకి చదివించు. సభను వీడియో తీస్తారు. అయినా చెప్పేది కాగితం మీద కూడా రాసివ్వు.

జవాబు (పలమనేరు):
మా దగ్గర క్వారీ వచ్చాక బోర్లు ఎండిపోయాయి. అడిగితే ‘ముందు నుంచీ ఇంతే కదా’ అన్నారు. ఏం చూపిస్తాం? బోరు మెకానిక్‌ను పిలిచి ప్రతి బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో ఇప్పుడే కొలిపించన్నా, తేదీతో రాయించు. ఇళ్ల గోడలకు ఫోటోలు తీయించు, బ్లాస్టింగ్ మొదలయ్యాక పగుళ్ల తగాదా తప్పకుండా వస్తుంది.

జవాబు (తిరుపతి):
గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది, అంటే గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం గని యజమానులు కట్టే డబ్బు. అందులోంచి మీ పల్లెకు ఏమిస్తారో సభలోనే అడగండి. ఉద్యోగాలంటే ఏ పని, పర్మనెంటా కాంట్రాక్టా అని కుర్రోళ్లనే లేచి అడగమనండి.