మూడు వారాల అలారం పెట్టడం ఎలా? తల తిరిగిపోతోంది

నర్సంపేట వాసి: రాత్రి తొమ్మిది గంటల నుంచి ఇదే పని, ఇప్పుడు పన్నెండు దాటింది. అమ్మ క్యాన్సర్ మాత్రలకు ఫోనులో అలారం పెట్టాలి. రెండు వారాలు మోగాలి, ఒక వారం మోగకూడదు, మళ్లీ రెండు వారాలు మోగాలి. ఈ ఫోనుకు సోమవారం, మంగళవారం తప్ప ఇంకేమీ తెలియదు. మూడు యాప్‌లు చూశాను. ఒకటి డబ్బులు అడుగుతోంది, ఇంకొకటి నా బరువు అడుగుతోంది. నేను హైదరాబాద్‌లో, అమ్మ ఊళ్లో ఒక్కతే. ఎవరైనా దారి చెప్పండి.

హనుమకొండ మాస్టారు: తమ్ముడూ, దీనికి ఫోను ఎందుకు? గోడ మీద క్యాలెండరు లేదా? మా ఇంటావిడకు 25 రోజులు కరెంటు పెట్టించాము. సోమవారం నుంచి శుక్రవారం దాకా వెళ్లి రావడం, రాగానే ఆ తేదీ మీద కుంకుమ బొట్టు పెట్టడం. ఒక్కరోజు తప్పలేదు. ఆ క్యాలెండరు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఈ కాలం పిల్లలు ప్రతిదానికీ ఫోను...

కాజీపేట జంక్షన్: కరెంటు కాదు మాస్టారూ, రేడియేషన్. ఆ మాట విని మా మేనత్త షాక్ కొడుతుందేమోనని మూడు రోజులు వెళ్లనే లేదు.

హనుమకొండ మాస్టారు: ఊళ్లో అందరూ కరెంటు అనే అంటారు. మాటలో ఏముంది?

కాజీపేట జంక్షన్: మూడు రోజులు ఉన్నాయి అందులో.

మందుల దుకాణం: ఏ మందు? పూటకు ఎన్ని?

నర్సంపేట వాసి: కీమో కాదండీ, ఉత్త మాత్రలే. కాపెసిటబిన్ 500. ఉదయం మూడు, రాత్రి మూడు. రెండో సైకిల్ అయిపోయింది.

మందుల దుకాణం: అది కీమోనే. సూదికి బదులు మాత్ర, అంతే తేడా. తిన్న అరగంటలోపు వేసుకోవాలి, రెండు పూటల మధ్య సుమారు పన్నెండు గంటలు ఉండాలి. నలపకూడదు. ఒక పూట మరిచిపోతే వదిలేయాలి, తర్వాతి పూట రెండింతలు వేయకూడదు.

నర్సంపేట వాసి: ఉదయం చాయ్ తాగి వేసుకుంటుంది. పత్తి చేనుకు వెళ్లి పదింటికి అన్నం తింటుంది.

మందుల దుకాణం: చాయ్ తిండి కాదు.

కాజీపేట జంక్షన్: సైకిల్ అయిపోయింది అంటే 14వ రోజా, 21వ రోజా? సెలవు వారం కూడా సైకిల్‌లో భాగమే.

నర్సంపేట వాసి: మాత్రల రోజులనే సైకిల్ అనుకున్నాను. ఏదైతేనేం, మంగళవారంతో 14 రోజులు నిండాయి. అలారం ఆపడం మరిచిపోయాను. అమ్మకు చదువు రాదు, మోగితే వేసుకోవడమే. మూడో విడత మాత్రలు ముందే కొనిపెట్టాను కాబట్టి బుధవారం నుంచి అవి వేసుకుంటోంది. అందుకే కదా ఈ అలారం గొడవంతా.

మందుల దుకాణం: మొదట చెప్పవలసింది ఇది. మీ ప్రశ్న అలారం గురించి కానే కాదు. మాత్రలు ఆపించండి. ఫైలు మీద ఉన్న ఆసుపత్రి నంబరుకు ఇప్పుడే ఫోను చేయండి, తెల్లవారే దాకా ఆగవద్దు. విరేచనాలు ఉన్నాయా? నోటిపూత? జ్వరం 100.4 దాటిందా?

నర్సంపేట వాసి: జ్వరం లేదు. నిన్నటి నుంచి ఐదారుసార్లు వెళ్తోందట, మామిడికాయ పచ్చడి వల్ల అనుకున్నాము. నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి మాత్రలు ఇచ్చాడు. అరచేతులు ఎర్రబడి పొట్టు లేస్తున్నాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడడం లేదు.

మందుల దుకాణం: మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా చాలు, ఆసుపత్రికి చెప్పాలి. బలం మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటే ఈ మందు ఇంకా తీవ్రంగా పని చేస్తుంది. ఆ చీటీ కూడా చూపించండి. అరచేతులు ఈ మందు వల్లే. అసలు రక్తపరీక్ష చూడకుండా మూడో విడత ఎలా కొన్నారు? మోతాదు మారవచ్చు కదా?

కాజీపేట జంక్షన్: రేషన్‌కు కంటిపాప యంత్రం పెట్టమనండి. ఇంకొకటి, రైల్లో క్యాన్సర్ రోగికీ తోడు వెళ్లేవారికీ రాయితీ ఉంటుంది. రైల్వే వాళ్ల నమూనా కాగితం ఆసుపత్రిలో రాయించుకోవాలి. చాలామంది తీసుకోరు...

హనుమకొండ మాస్టారు: బొట్లు పెట్టి ఉంటే ఇది జరిగేదా?

జమ్మికుంట కోడలు: మాస్టారూ, ఆమెకు చదువు రాదంటున్నారు కదా.

హనుమకొండ మాస్టారు: బొట్టుకు చదువెందుకమ్మా?

జమ్మికుంట కోడలు: అదీ నిజమే. కానీ మా అత్తమ్మకు నేను చేసింది వేరు. 28 చిన్న కవర్లు, కవరుకు మూడు మాత్రలు. తెల్లది ఉదయానికి, నల్లది రాత్రికి. 84 మాత్రలకు మించి ఇంట్లో ఉంచేదాన్ని కాదు. డబ్బా ఖాళీ అయితే అలారం మోగినా వేసుకోవడానికి ఏమీ ఉండదు. వారం తర్వాత డాక్టరు రక్తం చూసి రాస్తేనే మళ్లీ కొనడం.

కంప్యూటర్ తమ్ముడు: ఫోను క్యాలెండరులో ‘ప్రతి 3 వారాలకు’ అని పెట్టవచ్చు. మొదటి వారానికి ఒకటి, రెండో వారానికి ఒకటి. అయితే మాత్రలు వారం మధ్యలో మొదలైతే లెక్క తప్పుతుంది, మూడోది కూడా పెట్టాలి. అదీగాక అలారంలా మోగదు, టింగ్ అని ఊరుకుంటుంది.

మందుల దుకాణం: ఫోను చేశారా?

మందుల దుకాణం: చేశారా లేదా?

నర్సంపేట వాసి: రాత్రే చేశాను. మాత్రలు ఆపి, ఆమెను వెంటనే తీసుకురమ్మన్నారు. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని వచ్చాము. రక్తం తీసుకున్నారు, సెలైన్ ఎక్కుతోంది. బలం మాత్రల చీటీ చూపించాను, డాక్టరు తిట్టారు. అందరికీ ధన్యవాదాలు.

హనుమకొండ మాస్టారు: క్యాలెండరు కొన్నావా తమ్ముడూ?

కంప్యూటర్ తమ్ముడు: గట్టిగా మోగే యాప్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా నాన్నకు సోమవారం నుంచి మొదలు.